ఆరో అతుకు

మార్కండేయులు జన్మలో ఒక్కసారి కూడా బంతిని కాలితో తన్నలేదు. పన్నెండో ఏట గుంట మగ్గంలోకి దిగిన కాళ్లవి. పొద్దస్తమానం గుంటలో తొక్కుడు కర్రల మీద ఆడడమే తప్ప వాటికి వేరే ఆట తెలియదు. అయినా మంగళగిరిలో ఫుట్‌బాలు సంగతి ఏది తేలాలన్నా జనం అతని దగ్గరికే వచ్చేవారు. రైలు స్టేషను అవతలి మైదానంలో ఏ ఏడు ఏ జట్టు ఎవరి మీద గెలిచింది, ఆఖరి గోలు ఏ కాలితో పడింది, ఆ రోజు గాలి ఎటు వీచింది, అన్నీ అతని నాలుక చివర ఉండేవి. ఆట ఉన్న రోజు మూడింటికల్లా ఆ ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోయేది.

"చీర దిగేదెప్పుడయ్యా" అని భార్య మల్లేశ్వరి అడిగేది.

"చీర ఎక్కడికి పోతుందే, మగ్గానికి కట్టేసి ఉంది. ఆట ఆగదు" అంటూ పైపంచె దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకో" అని ఆవిడ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టుకునేది.

పనిలో మాత్రం అతనికి వంక పెట్టేవాళ్లు లేరు. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పోగు చివరకు కొత్త పోగును కలపాలి. వందల పోగులు, ఒక్కొక్కటీ విడివిడిగా. రెండు కొసలనూ వేళ్ల మధ్య పట్టుకుని, కాస్త గంజి తడి, కాస్త బూడిద తగిలించి మెలితిప్పితే అవి పుట్టినప్పటి నుంచీ ఒకటే అన్నట్టు కలిసిపోతాయి. అతకడం అంటే అదీ. ఓపిక లేనివాడు అక్కడక్కడా ముడి వేస్తాడు. మార్కండేయులు వేయడు. అతను నేసిన చీరను ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచేత్తో నిమిరినా ఒక్క గరుకు తగలదని కొట్లవాళ్లు చెప్పుకునేవారు. "ముడి వేసేవాడు మూటలు కట్టుకోవాలి గాని మగ్గం ఎక్కకూడదు" అనేవాడట అతని తండ్రి. ఆ మాట కొడుకు తు.చ. తప్పకుండా పాటించాడు. పాటించకూడని చోట కూడా.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది డిసెంబరులో మంగళగిరి జట్టు షీల్డు పోటీల్లో సెమీఫైనల్ దాకా వచ్చింది. అంతకు ముందు ఎన్నడూ రెండో ఆట దాటిన పాపాన పోలేదు. ఎదురు జట్టు ఒంగోలు. ఆట మంగళగిరిలోనే. ఊరికి పూనకం వచ్చినట్టయింది. అయితే పోటీలు నడిపేవాళ్లు గుంటూరు నుంచి ఒక కార్డు రాశారు. సెమీఫైనల్‌కు గోలు వెనక వల తప్పక ఉండాలని అందులో ఉంది. అప్పటిదాకా ఆ మైదానంలో గోలు అంటే రెండు వెదురు గుంజలు, పైన అడ్డంగా ఒక మోకు. వల మాట ఎవరూ ఎత్తలేదు.

జట్టు బాధ్యత చూసేవాడు పానకాలు. నూలుకు అద్దే రంగుల కొట్టు అతనిది. మార్కండేయులుకు చిన్ననాటి నుంచీ జోడీ, గొంతు మాత్రం పెద్దది. అతను బాపట్ల వైపు సముద్రపు ఒడ్డుకు వెళ్లి రెండు పాత చేపల వలలు పట్టుకొచ్చాడు. ఒకటి బాగానే ఉంది. రెండోదానికి ఎలుకలు కొట్టిన చిల్లులు ఏడు.

"దారం పని నీకు కాక ఎవడికి చెప్పనురా" అని దాన్ని తెచ్చి మార్కండేయులు వసారాలో పడేశాడు.

ఆట రోజు ఉదయం మార్కండేయులు వల ముందేసుకుని కూర్చున్నాడు. తెగిన తాళ్ల కొసలు విప్పి, గంజి తడి పెట్టి, పడుగు అతికినట్టే ఒక్కొక్కటీ మెలితిప్పసాగాడు. మల్లేశ్వరి కాసేపు చూసి ఊరుకోలేకపోయింది.

"వల అంటేనే ముడి. చూడు, జాలరివాళ్లంతా ముళ్లే వేసుకొచ్చారు. నువ్వూ నాలుగు ముళ్లు వేసి లేవరాదూ."

"నా చేత్తో ముడి వేస్తే రేపు ఊరేమంటుంది? మార్కండేయులు కూడా మూటలు కట్టుకుంటున్నాడంటారు."

"బంతికి కనపడుతుందా ఏమిటి ముడి."

"బంతికి కాదే, నాకు కనపడుతుంది."

ఏడు చిల్లుల్లో ఆరోది పెద్దది. చాటంత ఉంది. అందులోనే పద్దెనిమిది తాళ్లు అతికాడు. ఆరిన తర్వాత ఒక్కొక్కదాన్నీ రెండు చేతులతో బిర్రుగా లాగి చూశాడు. ఒక్కటీ ఊడలేదు. పడుగును లాగుతారు గాని గుద్దరు. ఆ తేడా ఆ ఉదయం అతనికి తట్టలేదు.

ఆ సాయంత్రం మైదానం చుట్టూ ఇసుక వేస్తే రాలని జనం. బారు కుర్చీల్లో మద్రాసు నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు. వాళ్లది ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చి ఆడించుకునే జట్టని, ఇక్కడ ఎవరు మెరిస్తే వాళ్ల పేరు రాసుకుని పోతారని పానకాలు ముందే ఊరంతా చెప్పాడు. రాసుకుపోయే పేరు జక్రయ్యదేనని కూడా చెప్పాడు. జక్రయ్య పట్టాల అవతలి పల్లె నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రవాడు. పత్తి మిల్లులో బేళ్లు మోసేవాడు. బూట్లు లేకుండా ఆడేవాడు. ఎడమ కాలితో కొడితే బంతి ఈల వేసుకుంటూ పోయేది.

రిఫరీ జయరావు గుంటూరులో ఒక బడికి డ్రిల్లు మాస్టారు. సన్నటి మనిషి, ఇస్త్రీ చెదరని ఖాకీ నిక్కరు. నవ్వగా ఎవరూ చూడలేదు.

ఆట అయిపోవస్తున్నా ఇద్దరికీ గోలు లేదు. మార్కండేయులు ఒంగోలు గోలు పక్కన, గుంజకు పదడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. అప్పుడు జక్రయ్యకు బంతి దొరికింది. ఇద్దరిని తప్పించాడు. ఒంగోలు గోలీ ఎడమ వైపుకు ఒరిగాడు, జక్రయ్య కుడి వైపు ఖాళీలోకి కొట్టాడు. బంతి గుంజకు లోపల నుంచి, జానెడు లోపల నుంచి పోవడం మార్కండేయులు తన రెండు కళ్లతో చూశాడు. వల ఒక్కసారి ఉబ్బింది. మరుక్షణం బంతి వల వెనక దొర్లుతూ పక్కనున్న పత్తి చేలోకి పోయింది.

జయరావు ఈల వేసి, చెయ్యి పక్కకు చాచి, గోల్ కిక్ అన్నాడు. అంటే బంతి గుంజకు బయట నుంచి పోయిందని.

తర్వాత జరిగినదాన్ని ఆట అనడానికి లేదు. సగం ఊరు మైదానంలోకి వచ్చింది. అటువైపు లైన్‌మన్ తనకు జనం అడ్డమొచ్చి ఏమీ కనపడలేదన్నాడు. అందరికన్నా ముందు జయరావు దగ్గరికి చేరింది మార్కండేయులే. మాట నెమ్మదైన మనిషి, పిల్లల మీద కూడా చెయ్యెత్తనివాడు, మాస్టారి మెళ్లోని ఈల తాడు పట్టి తెంపాడు. "కళ్లుండే వచ్చావా, గుంటూరులో తాకట్టు పెట్టి వచ్చావా" అన్నాడు. జయరావు అతని వంక చూసి, "బయటే పోయింది" అని ఒక్క మాట అన్నాడు. పోలీసులు జనాన్ని వెనక్కి నెట్టారు. ఆట మళ్లీ మొదలైంది. చెదిరిన మనసుల్తో ఉన్న మంగళగిరి మీద ఆఖరి నిమిషంలో ఒంగోలు గోలు వేసి గెలిచింది. మద్రాసు పెద్దమనుషులు ఆ గోలు వేసినవాడి పేరు రాసుకుని రైలెక్కారు.

చీకటి పడకముందే వలలు విప్పే పని మార్కండేయులు మీద పడింది. మిగతావాళ్లంతా పానకాలు కొట్టు దగ్గర గుంపు కట్టి అరుస్తున్నారు. అతను వల దులుపుతుండగా చెయ్యి అవతలికి పోయింది. ఆరో అతుకు నిలువునా విడిపోయి ఉంది. పద్దెనిమిది తాళ్లూ తెగలేదు, మెలి ఊడి జారిపోయాయి. కొసల మీద గంజి పొట్టు ఇంకా తెల్లగా అంటుకుని ఉంది.

అతను చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. అక్కడే మోకాళ్ల మీద కూర్చుని పద్దెనిమిది ముళ్లు వేశాడు. చిల్లు కనపడకూడదు, అంతే. ముళ్ల మీద మట్టి రుద్ది, వల చుట్టి భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు.

మర్నాడు పొద్దున్నే పానకాలు ఫిర్యాదు మీద గుంటూరు నుంచి ముగ్గురు పెద్దలు విచారణకు వచ్చారు. ఆ సంగతి మార్కండేయులుకు వాళ్లు వసారాలో నిలబడి వల చూపించమన్నప్పుడే తెలిసింది. వాళ్లు వలను అరుగు మీద పరిచి అంగుళం అంగుళం చూశారు. వల నిండా ముళ్లే. అందులో నిన్నటివి ఏవో ఎవరు చెప్పగలరు?

"చిల్లు ఉంటే గోలు ఇవ్వమని రాసేవాళ్లం, కనీసం ఆట మళ్లీ పెట్టించేవాళ్లం. వలకు చిల్లు లేదు, బంతి వల వెనక ఉంది. లోపల నుంచి పోయే దారేదయ్యా మరి? రిఫరీ చెప్పిందే నిజం" అని తేల్చి వాళ్లు వెళ్లిపోయారు.

"ఆ ముగ్గుర్నీ ఒంగోలు వాళ్లు కొనేశార్రా" అని పానకాలు వీధిలో నిలబడి అరిచాడు. మార్కండేయులు తేలు కుట్టిన దొంగలా గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడు నోరు తెరిచి ఉంటే సరిపోయేది. వల అతుకు ఊడడం ఒక తప్పు, దాన్ని ముడేసి దాచడం రెండో తప్పు, పెద్దలు తీర్పు చెబుతుంటే నిలబడి వినడం మూడోది. ఒకదాని మీద ఒకటి, అతను వేసిన ముళ్ల కన్నా బిగుసుకుపోయాయి.

ఊరు ఆ ఓటమిని మరవలేదు. మరవడానికి ఇష్టపడలేదంటే ఇంకా నిజం. పంటలు వచ్చాయి, పోయాయి, నూలు ధర పెరిగింది, తగ్గింది, పానకాలు కొట్టు ముందు బల్ల మీద మాత్రం ఆ గోలు ప్రతి సాయంత్రం పడుతూనే ఉంది. తూకంలో మోసం చేసేవాణ్ణి "జయరావు" అనడం వాడుకైపోయింది. బంతి గుంజకు జానెడు లోపల నుంచి పోయిందన్నది రెండేళ్లలో మూరెడయింది, నాలుగేళ్లకు గోలు నట్టనడుమ నుంచి పోయింది. జయరావు రైల్లో విజయవాడ వెళుతున్నాడని తెలిస్తే పనిగట్టుకుని స్టేషనుకు పోయి పెట్టె కిటికీల దగ్గర నిలబడి "కళ్లజోడు కావాలా మాస్టారూ" అని అరిచినవాళ్లున్నారు.

అందులో మార్కండేయులు గొంతు అందరికన్నా పెద్దగా వినపడేది. అరుస్తున్నంతసేపూ కాస్త ఊపిరాడేది. ఇంటికొచ్చాక మళ్లీ మొదలు. మగ్గంలో కూర్చుంటే పది నిమిషాలకోసారి లేచేవాడు. పేక పోగు తోలే నాడె చేతిలో ఉండగానే వీధిలోకి వచ్చి నిలబడేవాడు. ఏమీ లేకపోయినా స్టేషను అవతలికి నడిచి, గుంజలు పాతిన గుంటల దగ్గర అటూ ఇటూ తిరిగి వచ్చేవాడు. వారంలో దిగే చీర పది రోజులైనా దిగేది కాదు.

మల్లేశ్వరికి ఎప్పుడో తెలిసింది. అటక మీద నుంచి వల దించి ఎండబెట్టిన రోజు ఆరో చిల్లు చోట ముళ్లు తడిమి చూసింది.

"ఇవి ఎప్పుడు వేశావు?" అంది.

అతను వల అందుకుని చుట్టబోయాడు.

"చెప్పెయ్యకూడదా ఎవరికైనా. నాలుగు తిట్లు తింటావు, పోతుంది."

"నాలుగుతో పోయేదైతే నువ్వు చెప్పాలా."

ఇలా ఏడేళ్లు గడిచాయి. జక్రయ్య ఈలోగా గుంటూరు చేరి మిర్చి కొట్లో బస్తాలు కుట్టే పనిలో కుదిరాడు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఆట మానేశాడు. ఏదో పని మీద మంగళగిరి వచ్చి ఒక సాయంత్రం పానకాలు కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడు. అతన్ని చూడగానే పానకాలుకు హుషారొచ్చి గోలు కథ మొదట్నుంచి ఎత్తుకున్నాడు.

జక్రయ్య టీ తాగుతూ సగం విని, "వదిలెయ్యి బాబాయ్. నేనే బయటికి కొట్టాను" అన్నాడు.

"ఏంట్రా నువ్వనేది."

"అప్పుడు నాకూ లోపలే అనిపించింది. అనిపించడానికేముంది? ముగ్గురు పెద్దలు వల చూశారు, చిల్లు లేదన్నారు. గాలికి పోదు కదా బంతి. మద్రాసు వాళ్లు చూస్తున్నారని కాలు వణికి ఉంటుంది. మావాడు అడిగితే కూడా అదే చెప్పాను, మీ నాన్న ఒక్కసారి కొట్టాల్సొచ్చి బయటికి కొట్టాడ్రా అని."

పానకాలు అతన్ని పిరికివాడన్నాడు, ఊరి పరువు తీశావన్నాడు. జక్రయ్య నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూసిన మార్కండేయులు టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచిపోయాడు. జయరావును ఎంత తిట్టినా అతనికి ఫరవాలేకపోయింది. కుర్రవాడు తన కాలిని తానే తిట్టుకుంటాడని మాత్రం అతను ఏనాడూ అనుకోలేదు.

మర్నాడు మగ్గం ఎక్కకుండా గుంటూరు బస్సెక్కాడు. అయినా జక్రయ్య దగ్గరికి పోవడానికి కాళ్లు రాలేదు. ముందు జయరావు దగ్గరికి పోయాడు. ఆయన చేత 'అది గోలే' అనిపిస్తే తన మాట లేకుండానే పని జరిగిపోతుందని బస్సులో లెక్క వేసుకున్నాడు.

జయరావు బడి మైదానంలో వంగి నేల మీద సున్నపు గీత గీస్తున్నాడు. జుట్టు నెరిసింది. నిక్కరు ఇస్త్రీ మాత్రం అలాగే ఉంది.

"నిన్నెక్కడో చూశానయ్యా."

"మంగళగిరండి. మీ మెళ్లో ఈల తెంపినవాణ్ణి."

"ఓహో. ఈల తెచ్చావా?"

"లేదండి. ఒక మనవి చేసుకుందామని వచ్చాను. జక్రయ్య అని, ఆ రోజు బంతి కొట్టినవాడు. బయటికే కొట్టానని కుంగిపోతున్నాడండి. మీరొక్క మాట, అది గోలేనని..."

"కాదనుకునే కదా ఈల వేశాను."

"బంతి బయటికి పోవడం మీరు చూశారా మాస్టారూ?"

జయరావు గీత పూర్తిచేసి నడుము నిటారు చేశాడు. "చూడలేదు. నా ముందు నలుగురు ఉన్నారు. చూసేసరికి బంతి వల వెనక ఉంది. ఆటకు ముందు మీ పానకాలు నన్ను వల దగ్గరికి తీసుకుపోయి, మా నేతగాడి పనితనం చూడండి, అతుకెక్కడో చెప్పండి చూద్దాం అన్నాడు. చూశాను. చెప్పలేకపోయాను. ఆ వలను నమ్మాను."

మార్కండేయులు నిలబడ్డ చోటే కూర్చున్నాడు. తలవంచుకుని అతుకులు ఊడిన సంగతి, ముళ్లు వేసిన సంగతి చెప్పాడు. ఏడేళ్లుగా ఎవరికీ చెప్పని మాటలు నాలుగు వాక్యాల్లో అయిపోయాయి.

జయరావు సున్నపు డబ్బా కింద పెట్టాడు. "రైలు మీ ఊళ్లో ఆగితే నేను కిటికీ తలుపు వేసుకుంటున్నాను."

"తప్పేనండి."

"ఆ పెద్దలు నిన్ను ఏమీ అడగలేదా?"

"లేదండి."

"అడక్కపోతే నోరు లేదటయ్యా నీకు?" ఆయన డబ్బా మళ్లీ అందుకున్నాడు. "జక్రయ్యకు నేనేమీ చెప్పను. రిఫరీ తప్పు చేశాడని చెప్పడానికి మీ ఊరంతా ఉంది. వల సంగతి చెప్పాల్సింది నువ్వు. పక్కకు జరుగు, గీత మీద కూర్చున్నావు."

మిర్చి కొట్టు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. లోపల కాయ బస్తాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. జక్రయ్య ముక్కుకు గుడ్డ కట్టుకుని దబ్బనంతో బస్తా మూతి కుడుతున్నాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే మార్కండేయులుకు దగ్గు, తుమ్ములు, కళ్లంట ధారగా నీళ్లు.

"కొత్తవాళ్లకు ఘాటు అంతే అన్నా, బయటికి పద" అని జక్రయ్య అతని జబ్బ పట్టుకుని పంచలోకి తెచ్చాడు, కూజా నీళ్లిచ్చాడు. ఆ నీళ్లు తాగి మార్కండేయులు ఉన్నదంతా చెప్పాడు.

జక్రయ్య ముక్కు మీది గుడ్డ కిందికి లాగాడు.

"ఏదీ, మళ్లీ చెప్పు."

"గుంజకు జానెడు లోపల నుంచి పోయిందిరా. నేను పదడుగుల్లో నిలబడ్డాను. వల ఉబ్బింది. అతుకు ఊడింది."

"జానెడు కాదు. ఎక్కువే. గోలీ ఎడమకు ఒరిగాడు, నాకు కుడి పక్కన తలుపు తీసినంత చోటు కనపడింది." దబ్బనం చేతిలో అటూ ఇటూ తిప్పాడు. లోపలికి పోయి గుమాస్తాతో ఏదో చెప్పి, చొక్కా వేసుకుని వచ్చాడు. "నడు."

"ఎక్కడికిరా?"

"పానకాలు బాబాయ్ కొట్టుకు. నాకు చెప్పింది అక్కడ చెప్పు."

బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు.

కొట్టు ముందు ఎప్పటి మనుషులే ఉన్నారు. మార్కండేయులు నిలబడే చెప్పాడు. రాయి పడుతుందనుకుని తల వంచి ఉన్నాడతను. పానకాలు మాత్రం రంగు అంటిన చేతులు తుడుచుకుంటూ వచ్చి అతని ముఖంలోకి చూశాడు.

"ఏరా, ఒంట్లో బాగుందా?"

"నిజంరా."

"ఆ వల నా చేత్తో పట్టుకుని చూశాను. చిల్లు లేదు."

"సాయంత్రమే ముడేశానన్నానుగా."

"నువ్వు? ముడి? ఎవరికి చెబుతావురా. మీ నాన్న కాట్లోంచి లేచొచ్చి తంతాడు." బల్ల మీదివాళ్లు నవ్వారు. పానకాలు వాళ్ల వైపు తిరిగాడు. "పొద్దున డ్రిల్లు మాస్టారి బడి దగ్గర వీణ్ణి చూశానని బస్సు డ్రైవరు చెప్పాడర్రా. నేననుకున్నాను, వీడెందుకు పోయాడా అని. ఆ ముసలాడు ఏడ్చి ఉంటాడు, వీడు జాలిపడి నింద నెత్తినేసుకుని వచ్చాడు. మెత్తని మనిషి మొదట్నుంచీ."

"ఆయన ఏడవలేదు. నేను చెప్పింది విను."

"వినను. ఏడేళ్లు తిట్టినవాణ్ణి ఇప్పుడు మంచివాడంటే నా నోటికి తిరగదురా. లంచం తిన్నాడు, ఈల వేశాడు. అయిపోయింది."

జక్రయ్య అంతసేపూ స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. "నేను నమ్ముతున్నాను బాబాయ్" అన్నాడు. "లోపలే పోయింది. గోలే."

"మేం మొదట్నుంచీ అంటున్నది అదే కదరా."

"మీరనేది వేరు" అని అతను రోడ్డు మీదికి నడిచాడు.

మార్కండేయులు వెంటపడ్డాడు. గుంటూరు బస్సు ఆగే చోట జక్రయ్య నిలబడి ఉన్నాడు. ఎండ వాలింది, బస్సు జాడ లేదు. మిరపకాయల బండ్లు వరసగా పోతున్నాయి.

"చెప్పేశావు. బరువు దిగిందా?" అన్నాడు జక్రయ్య, రోడ్డు వైపే చూస్తూ.

"దిగలేదురా."

"నాకైతే ఇవాళే ఎక్కింది. బయటికి కొట్టానని నమ్మినన్నాళ్లూ ఒక్కటే బాధ. నాకు ఆట రాదని. రాకపోతే రాలేదు, బస్తాలు కుట్టుకుందాంలే అని సరిపెట్టుకున్నాను. నిద్ర పట్టేది. ఇప్పుడు వచ్చని తేల్చావు. ఈ కాలితో నేనిప్పుడేం చేసుకోను అన్నా? బస్తాలు మోసి మోసి మోకాలు వంగదు."

దూరంగా బస్సు దుమ్ము కనపడింది.

"ఏం చెయ్యమన్నా చేస్తాను" అన్నాడు మార్కండేయులు.

"చేసేదేముంది. ఆ జయరావును తిట్టుకుందామంటే ఇంక కుదరదు. పానకాలు బాబాయ్ అదృష్టవంతుడు, తిట్టడానికి మనిషున్నాడు." బస్సు వచ్చి ఆగింది. జక్రయ్య మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు. "ఆదివారం చర్చి అయ్యాక ఇంటి దగ్గరే ఉంటాను. రా. నిన్ను ఏదో ఒకటి అనాలి. ఇవాళ నోటికి రావడం లేదు. ఒక్క ఆదివారంతో తీరేది కూడా కాదు, చెబుతున్నాను."

"వస్తాను."

"పిల్లలు అడుగుతారు ఎవరని. చెప్పుకో నువ్వే."

బస్సు కదిలింది. ఆ ఆదివారం మార్కండేయులు మొదటి బస్సుకే బయల్దేరాడు. జక్రయ్య అతన్ని నులక మంచం మీద కూర్చోబెట్టి, టీ ఇప్పించి, సాయంత్రం దాకా ఏమీ అనలేదు. రెండో ఆదివారం మొదలుపెట్టాడు.